స్కాట్లాండ్ పల్లె పారిష్‌ను పాత గెజెటీర్లలో వెతకడం ఎలా? వెస్టర్‌కర్క్ ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

"స్కాట్లాండ్‌లో ఫలానా పల్లె గురించి పాత పుస్తకాల్లో ఏముందో ఎలా చూడాలి?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. గ్లాస్గో, ఎడిన్‌బరాల్లో చదువుకుంటున్నవాళ్లు కొందరు. హైదరాబాద్ చరిత్ర చదువుతూ ఒక దొర పేరు తగిలి, ఆయన సొంతూరు ఏదో చూద్దామని బయల్దేరినవాళ్లు ఇంకొందరు. అందరూ ఇంచుమించు ఒకే చోట ఇరుక్కుంటున్నారు. అందుకని మొత్తం పద్ధతి ఒక వరసలో రాస్తున్నాను. గెజెటీర్ అంటే ఊళ్లు, నదులు, కొండల వివరాలు అక్షర క్రమంలో ఇచ్చే పుస్తకం.

ఉదాహరణకు డంఫ్రీస్‌షైర్ జిల్లా తూర్పు భాగంలో, ఎస్క్ నది లోయలో ఉన్న వెస్టర్‌కర్క్ పారిష్‌ను తీసుకున్నాను. దీనికి మనతో నిజమైన సంబంధమే ఉంది. 1798లో హైదరాబాద్ రెసిడెంటుకు (నిజాం దగ్గర ఈస్టిండియా కంపెనీ ప్రతినిధికి) సహాయకుడిగా వచ్చి, నిజాం దగ్గరున్న ఫ్రెంచి దళాన్ని రద్దు చేయించడంలో పాలుపంచుకున్న జాన్ మాల్కం 1769లో పుట్టింది ఈ పారిష్‌లోని బర్న్‌ఫుట్‌లో. వంతెనలు, కాలువలు కట్టిన ఇంజనీరు థామస్ టెల్ఫర్డ్ 1757లో పుట్టిందీ ఇక్కడే, గ్లెన్‌డిన్నింగ్ అనే చోట. గొర్రెల మందలు తప్ప పెద్దగా ఏమీ లేని కొండ పల్లె అనుకుంటే ఇంత సరుకు దొరుకుతుంది.

## 1. ముందు ఈ మాటలు తెలిసి ఉండాలి

ఇవి తెలియకుండా పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే చిక్కుపడతారు.

పారిష్: ఒక చర్చి కింద ఉండే ప్రాంతం. ఊరు కాదు. మన మండలంలో పల్లెలు ఉన్నట్టు, పారిష్‌లో చిన్న చిన్న వాడలు, ఒంటరి పొలం ఇళ్లు ఉంటాయి.

మినిస్టర్: మంత్రి కాదండీ. ఆ పారిష్ చర్చి పాస్టరు. మనం చదవబోయే వివరాల్లో చాలా భాగం ఈయన రాసినవే.

హెరిటర్: పారిష్‌లోని భూస్వామి. చర్చి, పాస్టరు ఇల్లు, బడి వీటి ఖర్చు భరించాల్సింది వీళ్లే.

గ్లీబ్: పాస్టరుకు చర్చి తరఫున ఉండే భూమి. మన గుడి మాన్యం లాంటిది అనుకోండి.

కిర్క్ సెషన్: పాస్టరు, పెద్దలు కూర్చునే చర్చి పంచాయితీ. వీళ్ల మినిట్స్ పుస్తకాలు వేరే ఉంటాయి.

స్టైపెండ్: పాస్టరు జీతం. చాలాచోట్ల డబ్బులో కాక ధాన్యం కొలతల్లో రాసి ఉంటుంది.

ఇంకో రెండు లాటిన్ మాటలు తప్పకుండా ఎదురవుతాయి: "క్వోయాడ్ సివిలియా", "క్వోయాడ్ సాక్రా". మొదటిది పాలన కోసం గుర్తించిన పారిష్. రెండోది కేవలం చర్చి పనుల కోసం, పెద్ద పారిష్ నుంచి విడదీసినది. ఒకే పేరుకు రెండు హద్దులు, రెండు జనాభా లెక్కలు కనిపిస్తే కారణం సాధారణంగా ఇదే.

## 2. సిద్ధం చేసుకోవాల్సినవి

ఖాళీ చేతులతో వెతకడం మొదలుపెడితే సాయంత్రానికి ముప్పై ట్యాబులు, ఒక తలనొప్పి మిగులుతాయి. ముందే ఒక స్ప్రెడ్‌షీట్ చేసుకోండి. నోటు పుస్తకమైనా సరే. వరసలు ఇలా పెట్టండి:

- రాసిన సంవత్సరం
- అచ్చైన సంవత్సరం
- పుస్తకం, సంపుటం, పేజీ
- రాసినవారు
- స్థలం పేరు, అక్కడ ఉన్న స్పెల్లింగ్‌తో సహా
- పుస్తకం చెప్పిన మాట, ఉన్నది ఉన్నట్టు
- నా వ్యాఖ్య

రాసిన సంవత్సరం, అచ్చైన సంవత్సరం రెండూ ఎందుకు? 1834–45 మధ్య వచ్చిన "న్యూ స్టాటిస్టికల్ అకౌంట్"లో (ఎక్కువగా పాస్టర్లు రాసిన పారిష్ వివరాల సంపుటాలు) ఒక పారిష్ వ్యాసం 1835లోనే రాసి ఉండొచ్చు. సంపుటం మీద మాత్రం 1845 అని ఉంటుంది. పదేళ్ల తేడా. ఆ పదేళ్లలోనే 1843లో స్కాట్లాండ్ చర్చి రెండుగా చీలింది, వందల మంది పాస్టర్లు బయటికి వెళ్లి ఫ్రీ చర్చి పెట్టుకున్నారు. 1835లో రాసిన చర్చి హాజరు లెక్కను 1845కు అంటగడితే కథ మొత్తం తప్పుతుంది.

చివరి రెండు వరసల్ని ఎప్పుడూ కలపకండి. పుస్తకం ఏమంది, నేను ఏమనుకున్నాను అన్నవి నెల తర్వాత చూస్తే విడదీయడం మీ వల్ల కాదు.

## 3. ఊరు కాదు, పారిష్‌ను పట్టుకోండి

చాలామంది మ్యాప్ తెరిచి "వెస్టర్‌కర్క్" అని కొడతారు. ఊరు కనిపించదు. రికార్డులు లేవేమో అనుకుని ఆపేస్తారు. ఆ పారిష్‌లో చర్చి, గ్రంథాలయం ఉన్న వాడ పేరు బెంట్‌పాత్. వెస్టర్‌కర్క్ అన్నది పారిష్ పేరు మాత్రమే.

కాబట్టి మొదటి పని, మీ చేతిలో ఉన్న స్థలం పేరు ఏ పారిష్‌లోకి వస్తుందో తేల్చుకోవడం. దీనికి 19వ శతాబ్దం చివరి గెజెటీర్లు బాగా పనికొస్తాయి. వాటిలో పెద్ద ఇళ్లు, వాడలు, నదులు కూడా అక్షర క్రమంలో విడి పేర్లుగా ఉండి, పక్కనే పారిష్ పేరు ఉంటుంది.

ఇక్కడ ఒక బోల్తా ఉంది, నేనూ పడ్డాను. బర్న్ అంటే వాగు. బర్న్‌ఫుట్ అంటే వాగు వచ్చి నదిలో కలిసే చోటు. వాగులు లేని లోయ స్కాట్లాండ్‌లో ఎక్కడుంది? మన కొత్తపల్లి, రామాపురం లాగా బర్న్‌ఫుట్‌లు దేశమంతా ఉన్నాయి. మొదటిసారి రెండు రోజులు వేరే బర్న్‌ఫుట్ గురించి శ్రద్ధగా నోట్స్ రాసుకుని, మూడో రోజు జిల్లా పేరు చూసి కొట్టేశాను. నదుల సంగతీ అంతే. ఎస్క్ పేరుతో ఆంగస్‌లో ఉన్నాయి, లోథియన్‌లో ఉంది, ఇంగ్లండ్‌లోని కంబ్రియాలో ఉంది. మనది డంఫ్రీస్‌షైర్ ఎస్క్.

అందుకే స్థలం పేరు ఎప్పుడు రాసుకున్నా మూడు భాగాలు ఉండాలి: స్థలం, పారిష్, జిల్లా. బర్న్‌ఫుట్, వెస్టర్‌కర్క్, డంఫ్రీస్‌షైర్.

స్పెల్లింగ్ మారుతుందని కూడా ముందే అనుకోండి. వెస్టర్‌కర్క్ పాత రూపం వెస్టర్‌కెర్. మెగ్గెట్ అనే చిన్న నది పేరులో చివరి అచ్చు పుస్తకానికో రకంగా ఉంటుంది. ఆ నది పేరు చివర "వాటర్" అని ఉంటే నీళ్లు అని తికమక పడకండి. ఆ ప్రాంతంలో చిన్న నదిని అలాగే అంటారు. పలికే తీరు వేరు, రాసే తీరు వేరు కూడా. పక్క పట్టణం లాంగ్‌హోమ్‌ను స్థానికులు "లాంగమ్" అంటారు. చెవితో విన్న పేరును వెతుకుతున్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

## 4. హద్దులు ఎప్పుడు మారాయో రాసుకోండి

ఈ మెట్టు దాటేసినవాళ్లకు తర్వాత ఏ లెక్కా కుదరదు. మూడు ప్రశ్నలకు జవాబు కావాలి.

ఏ పారిష్ నుంచి ఏది విడిపోయింది? ఇప్పుడు పక్కనున్న ఎస్క్‌డేల్‌మ్యూర్ 1703 దాకా వెస్టర్‌కర్క్‌లో భాగమే. ఆ ఏడాది విడి పారిష్ అయింది. అంటే 1600లనాటి కాగితంలో వెస్టర్‌కర్క్ అని ఉంటే అది ఇప్పటి వెస్టర్‌కర్క్ కన్నా చాలా పెద్దది.

1891 ప్రాంతంలో ఏమైంది? 1889 స్థానిక పాలన చట్టం తర్వాత హద్దుల కమిషనర్లు దేశమంతా పారిష్, జిల్లా గీతలు సరిచేశారు. అంతకుముందు ఒక పారిష్ ముక్క ఇంకో పారిష్ మధ్యలో ద్వీపంలా ఉండటం మామూలే. మీ పారిష్ మారిందో లేదో తెలిసేదాకా 1881 జనాభానూ 1901 జనాభానూ పక్కపక్కన పెట్టకండి.

ఇరుగుపొరుగు పారిష్‌లు ఏవి? మనకు ఎస్క్‌డేల్‌మ్యూర్, యూస్, లాంగ్‌హోమ్ ముఖ్యం. వీటి ఎంట్రీలు కూడా చదవాలి. ఉదాహరణకు జాన్ మాల్కం స్మారక స్తంభం ఆయన పుట్టిన పారిష్‌లో లేదు. లాంగ్‌హోమ్ పక్కన విటా హిల్ మీద ఉంది. వెస్టర్‌కర్క్ ఎంట్రీ ఒక్కటే చదివితే అది మీ కంట పడకపోవచ్చు.

పాలనాపరంగా పారిష్ పని 1930తో ముగిసింది. ఆ తర్వాతి కాగితాల్లో పారిష్ పేరు కనిపించకపోతే కంగారు పడకండి.

## 5. ఏ పుస్తకం ముందు, ఏది తర్వాత

కాలక్రమంలో పాతది ముందు చదవాలనిపిస్తుంది. నా సలహా దానికి పూర్తిగా వ్యతిరేకం. వెనక్కి నడవండి. కొత్తవి పొట్టిగా, స్పష్టంగా ఉంటాయి. వాటితో ఊరి రూపురేఖలు మనసులో పడ్డాక, పాతవాటిలోని తికమక తట్టుకోగలరు.

1. ఫ్రాన్సిస్ గ్రూమ్ ఆర్డ్‌నెన్స్ గెజెటీర్, 1882–85, 6 సంపుటాలు. ఇక్కడ మొదలుపెట్టండి.
2. జాన్ మారియస్ విల్సన్ ఇంపీరియల్ గెజెటీర్, 1850ల నాటిది.
3. శామ్యూల్ లూయిస్ టోపోగ్రాఫికల్ డిక్షనరీ, 1846.
4. న్యూ స్టాటిస్టికల్ అకౌంట్, 1834–45, 15 సంపుటాలు. జిల్లాల వారీగా ఉంటుంది. డంఫ్రీస్ 4వ సంపుటంలో ఉంది.
5. ఓల్డ్ స్టాటిస్టికల్ అకౌంట్, 1791–99, 21 సంపుటాలు. సర్ జాన్ సింక్లెయిర్ దేశంలోని పాస్టర్లందరికీ 160కి పైగా ప్రశ్నలు పంపి రాయించినది.

1803 నుంచి 1901 దాకా వచ్చిన గెజెటీర్ల స్కాన్లు స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. రెండు అకౌంట్ల స్కాన్లు ఎడిన్‌బరా, గ్లాస్గో విశ్వవిద్యాలయాల సైట్‌లో చూడొచ్చు. పేజీ బొమ్మలు చదవడానికి చందా అక్కర్లేదు.

ఒక హెచ్చరిక. 2, 3 నంబర్ల వాళ్లు ముందువాళ్ల పుస్తకాల నుంచి ధారాళంగా ఎత్తి రాసుకునేవారు. మూడు పుస్తకాల్లో ఒకే మాట కనిపించిందని మూడు సాక్ష్యాలు అనుకోవద్దు. వాక్యం ఒకేలా ఉంటే అది ఒకే సాక్ష్యం, మూడు గొంతులు.

## 6. గ్రూమ్ ఎంట్రీని విడదీసి చదవడం

గ్రూమ్ ఎంట్రీ ఒకే పొడుగాటి పేరా. చూడగానే భయమేస్తుంది కానీ లోపల ఒక వరస ఉంది. పెన్సిలు తీసుకుని ఇలా ముక్కలు చేయండి:

- ఎక్కడ: జిల్లాలో ఏ మూల, దగ్గరి పట్టణం నుంచి ఏ దిక్కున ఎన్ని మైళ్లు. దిక్కులు పొడి అక్షరాల్లో ఉంటాయి.
- హద్దులు: ఉత్తరం నుంచి చుట్టూ, ఏ పారిష్ తగులుతుందో.
- కొలత: అత్యధిక పొడవు, వెడల్పు, విస్తీర్ణం ఎకరాల్లో. ఇందులో నీటి భాగం ఎంతో విడిగా చెబుతాడు.
- నేల: నదులు, కొండల ఎత్తు అడుగుల్లో, రాయి, మట్టి.
- మనుషులు: అక్కడ పుట్టిన ప్రముఖులు, పెద్ద ఇళ్లు, భూస్వాములు.
- చర్చి: ఏ ప్రెస్‌బిటరీ (కొన్ని పారిష్‌ల మీద ఉండే చర్చి మండలి), ఏ సినాడ్ (దాని పై మండలి), పాస్టరు ఆదాయం. తర్వాత బడి.
- లెక్కలు: భూమి విలువ, కొన్ని సెన్సస్‌ల జనాభా.
- చివరి ముక్క: ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ మ్యాపుల సంస్థ) షీటు నంబరు, ఏడాది.

ఆ చివరి ముక్కను అందరూ వదిలేస్తారు. మనకు కావలసింది అదే. ఏ మ్యాప్ షీటు తీయాలో అది చెబుతుంది.

గ్రూమ్‌ను చదివేటప్పుడు ఆయన ఏ ఏడాదిలో నిలబడి మాట్లాడుతున్నాడో మరిచిపోకండి. గ్లెన్‌డిన్నింగ్‌లో యాంటిమొనీ గని ఉండేది. దాన్ని 1793–98 మధ్య తవ్వారు, మళ్లీ 1888–91లో, మళ్లీ 1919–22లో. గ్రూమ్ చివరి సంపుటం వచ్చింది 1885లో, అంటే గని మూతపడి ఉన్న కాలంలో. అది ఒక్కటే చదివినవారికి గని కథ 18వ శతాబ్దంతోనే అయిపోయిందనిపిస్తుంది. మూడేళ్లకే మళ్లీ పలుగులు దిగాయి.

## 7. పాస్టర్లు రాసిన అకౌంట్లు: అసలు సరుకు ఇక్కడే

గెజెటీర్ అస్థిపంజరం అయితే ఈ రెండు అకౌంట్లే కండ. కూలీ రేట్లు, కట్టెలకు బదులు ఏం కాలుస్తారు, బడిలో పిల్లలు ఎందరు, ఏ జబ్బులు ఎక్కువ, జనం తాగుడు సంగతి, రోడ్లు ఎలా ఉన్నాయి లాంటివన్నీ వీటిలో ఉంటాయి.

మెకంజీ కైఫియ్యత్తులు చదివినవారికి ఓల్డ్ అకౌంట్ కొత్తగా అనిపించదు. స్కాట్లాండ్ దీవి పట్టణం స్టోర్నోవేలో పుట్టిన కాలిన్ మెకంజీ, కావలి సోదరుల సాయంతో మన ఊళ్ల వివరాలు కూడబెట్టిందీ ఇంచుమించు ఆ దశాబ్దాల్లోనే. అక్కడ కరణాలు చెప్పారు, ఇక్కడ పాస్టర్లు రాశారు. చెప్పేవాడి చూపు రెండు చోట్లా గట్టిగానే కనిపిస్తుంది.

మెట్టు 1: సంపుటం కనుక్కోండి. ఓల్డ్ అకౌంట్ జిల్లాల వారీగా లేదు. పాస్టర్లు పంపిన కొద్దీ అచ్చు వేశారు. పక్కపక్క పారిష్‌లు వేరే వేరే సంపుటాల్లో ఉంటాయి. పారిష్ పేరుతో సూచిక చూడాలి తప్ప ఊహించి పేజీలు తిప్పకండి.

మెట్టు 2: రాసినది ఎవరో చూడండి. చాలా వ్యాసాలకు పాస్టరు పేరు ఉంటుంది. ఆయన ఆ పారిష్‌లో ఎన్నేళ్లు ఉన్నాడో చూడండి. ముప్పై ఏళ్లున్న మనిషి మాట వేరు, నిరుడు వచ్చిన మనిషి మాట వేరు.

మెట్టు 3: ఎవరి తరఫున మాట్లాడుతున్నాడు? పాస్టరు జీతం, ఇల్లు హెరిటర్ల చేతిలో ఉన్నాయి. దొరగారి తోటల గురించి అరపేజీ పొగడ్త, పాలేర్ల ఇళ్ల గురించి ఒక్క వాక్యం ఉంటే ఆశ్చర్యపోకండి. తన ఇంటి కప్పు కారుతోందని మాత్రం కొందరు మొహమాటం లేకుండా రాశారు. వాటిని చదువుతుంటే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది.

మెట్టు 4: పాత అచ్చులో "ఎస్" అక్షరం చూసుకోండి. 1790ల అచ్చులో మాట మొదట్లో, మధ్యలో వచ్చే ఎస్ పొడుగ్గా, అచ్చం ఎఫ్ లాగా ఉంటుంది. కంప్యూటర్ దాన్ని ఎఫ్‌గానే చదివేస్తుంది. గొర్రెల కోసం వెతికితే ఒక్కటీ దొరకదు. కొండనిండా గొర్రెలున్న పారిష్‌లో! అలాంటప్పుడు ఎస్ బదులు ఎఫ్ పెట్టి ఇంకోసారి వెతకండి. అయినా సెర్చ్‌ను నమ్ముకోకుండా వ్యాసం మొత్తం ఒకసారి కళ్లతో చదవడమే మేలు. పల్లె పారిష్ వ్యాసం సాధారణంగా ఒక్క కూర్చోటంలో అయిపోతుంది.

మెట్టు 5: రెండు అకౌంట్లను అంశం వారీగా పక్కపక్కన పెట్టండి. బడి, రోడ్డు, కూలి, గొర్రెలు, ఇంధనం, పేదల సాయం. ఈ ఆరింటితో మొదలుపెట్టండి. ఒక అకౌంట్‌లో "ఉంది" అన్నది తర్వాతి దాంట్లో "ఉండేది" అయిన ప్రతిచోటా గుర్తు పెట్టండి. మీరు రాయాల్సిన కథ ఆ గుర్తుల దగ్గరే ఉంటుంది. వెస్టర్‌కర్క్‌లో గని కూలీలు 1793లో మొదలుపెట్టుకున్న గ్రంథాలయం ఇందుకు మంచి ఉదాహరణ. గని మూతపడింది. గ్రంథాలయం మాత్రం మిగిలి, బెంట్‌పాత్ చేరింది. టెల్ఫర్డ్ తన వీలునామాలో దానికి 1,000 పౌండ్లు రాశాడు.

## 8. మ్యాపు, నేమ్ బుక్

పేర్లు తెలిశాక వాటిని నేల మీద పెట్టాలి. జాతీయ గ్రంథాలయం మ్యాపుల సైట్‌లో పాత మ్యాపును ఇప్పటి ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టి చూసే సదుపాయం ఉంది. అక్కడ చూడాల్సినవి మూడు:

- 1747–55 నాటి రాయ్ సైనిక సర్వే. స్థూలంగా ఉంటుంది, స్పెల్లింగులు సైనికుల చెవికి తోచినట్టు.
- 1832 నాటి థామ్సన్ అట్లాస్.
- ఆర్డ్‌నెన్స్ సర్వే మొదటి ఆరంగుళాల మ్యాపు, అంటే మైలుకు ఆరంగుళాల లెక్కన గీసినది. ఈ జిల్లాలో 1850ల నాటి సర్వే. ప్రతి ఇల్లు, గొర్రెల దొడ్డి, సున్నపు బట్టీ కనిపిస్తాయి.

ఆరంగుళాల మ్యాపుతో పాటే సర్వేవాళ్లు నేమ్ బుక్లు రాశారు. పల్లె చరిత్రకు ఇంతకన్నా మంచి కాగితం నాకు తెలియదు. ఒక్కో పేజీలో వరసలు ఇలా ఉంటాయి: మ్యాపులో వేసిన పేరు, ఆ పేరుకు దొరికిన ఇతర స్పెల్లింగులు, ఏ స్పెల్లింగ్ ఎవరు చెప్పారు, స్థలం ఎక్కడుంది, రెండు మూడు వాక్యాల వివరణ. చెప్పినవారిలో రైతులు, పాస్టర్లు, బడి పంతుళ్లు ఉంటారు. ఇంటి యజమాని ఒకలా, పంతులు ఇంకోలా చెప్పిన సందర్భాలూ కనిపిస్తాయి. ఇవి చేతిరాత పుస్తకాలు. స్కాన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

పేర్లలో తరచూ వచ్చే తోకలు తెలిస్తే మ్యాపు దానంతటదే మాట్లాడుతుంది. క్లూహ్ అంటే ఇరుకు లోయ. హోప్ అంటే పెద్ద లోయకు పక్కగా ఉన్న చిన్న లోయ. ఆశ కాదు. నోవ్ అంటే చిన్న గుట్ట. రిగ్ అంటే కొండ వీపు. షీల్ అంటే ఒకప్పుడు కాపరులు ఉన్న గుడిసె చోటు.

## 9. కొలతలు, డబ్బు: ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు

1824 చట్టంతో కొలతలన్నీ ఒకటయ్యే దాకా స్కాట్లాండ్ లెక్కలు వేరు. ఓల్డ్ అకౌంట్ మొత్తం అంతకుముందుదే.

- స్కాట్స్ ఎకరం: ఇప్పటి ఎకరానికి సుమారు 1.26 రెట్లు.
- స్కాట్స్ మైలు: ఇప్పటి మైలుకు సుమారు 1.12 రెట్లు.
- ధాన్యం: 4 లిప్పీలు ఒక పెక్, 4 పెక్‌లు ఒక ఫర్లాట్, 4 ఫర్లాట్‌లు ఒక బోల్, 16 బోల్‌లు ఒక చాల్డర్. జిల్లాకో బోల్, ధాన్యానికో బోల్. మన తూము, కుంచం ఊరికో రకంగా ఉన్నట్టే. అందుకే బోల్‌ను కిలోల్లోకి మార్చి రాయకండి. బోల్ అనే రాయండి.
- స్కాట్స్ పౌండు: 12 స్కాట్స్ పౌండ్లు ఒక స్టెర్లింగ్ పౌండుకు సమానం.
- మెర్క్: స్కాట్స్ పౌండులో మూడింట రెండు వంతులు.

ఓల్డ్ అకౌంట్‌లో కూలి, ధరలు మామూలుగా స్టెర్లింగ్‌లోనే ఉంటాయి. "వాల్యూడ్ రెంట్" అన్న పాత భూమి విలువ మాత్రం స్కాట్స్ పౌండ్లలో ఉంటుంది. రెండూ ఒకే పేజీలో రావచ్చు. పేజీలో 1,200 స్కాట్స్ పౌండ్లు అని ఉంటే అది 100 స్టెర్లింగ్ పౌండ్లే. ఇది గమనించక "ఇంత పేద పారిష్‌కు ఇంత ఆదాయమా!" అని సిద్ధాంతాలు కట్టినవాళ్లను చూశాను.

## 10. జనాభా లెక్కలు

ఓల్డ్ అకౌంట్‌లో దాదాపు ప్రతి పారిష్‌కూ 1755 నాటి సంఖ్య ఒకటి ఇస్తారు. అది అలెగ్జాండర్ వెబ్‌స్టర్ పాస్టర్ల ద్వారా తెప్పించిన లెక్క. ఇంటింటికీ తిరిగిన సెన్సస్ కాదు. 1801 నుంచి పదేళ్లకోసారి ప్రభుత్వ సెన్సస్ ఉంది. పేరు పేరునా మనుషుల వివరాలు దొరికేది 1841 నుంచే.

సంఖ్య తగ్గిందంటే ఊరు పాడైందని వెంటనే అనకండి. చిన్న కౌళ్లు కలిపి ఒకే పెద్ద గొర్రెల క్షేత్రం చేశారా? గని మూసేశారా? హద్దు మారిందా? సెన్సస్ రోజున రోడ్డో రైలుమార్గమో వేసే కూలీలు అక్కడ ఉన్నారా? ఈ నాలుగు ప్రశ్నలు వేసుకున్నాకే కారణం రాయండి.

## 11. పేరున్న మనుషుల దగ్గరికి

గెజెటీర్‌లో దొరలు, పాస్టర్లు, ప్రముఖులే ఉంటారు. మామూలు జనం కోసం స్కాట్లాండ్స్‌పీపుల్ అనే ప్రభుత్వ సైట్‌కు వెళ్లాలి. రికార్డు బొమ్మలకు చాలావరకు డబ్బు కట్టాలి కాబట్టి ముందు ఇవి తెలుసుకోండి:

- 1855కు ముందున్నవి చర్చి రిజిస్టర్లు. వాటిలో ఉండేది పుట్టుక కాదు, బాప్టిజం. పెళ్లి కాదు, చాలాసార్లు పెళ్లి ప్రకటన. మరణాలు అరకొర.
- అధికారిక చర్చి నుంచి విడిపోయిన శాఖల కుటుంబాలు ఆ రిజిస్టర్లలో లేకపోవచ్చు.
- 1855 జనవరి 1 నుంచి ప్రభుత్వ నమోదు మొదలైంది. ఆ ఒక్క ఏడాది ఫారాల్లో మిగతా ఏళ్లకన్నా చాలా ఎక్కువ వివరాలు అడిగారు. మీ కుటుంబంలో ఎవరైనా 1855లో దొరికితే అదృష్టమే.
- 1841 సెన్సస్‌లో పెద్దవాళ్ల వయసును 5 గుణిజానికి తగ్గించి రాశారు. 44 ఏళ్లవాడు 40 అవుతాడు. పుట్టిన పారిష్ పేరు 1851 నుంచే ఉంటుంది.
- ఇంట్లో ఎవరు అద్దెకున్నారు, యజమాని ఎవరు అన్నది 1855 నుంచి వచ్చిన వాల్యుయేషన్ రోల్స్‌లో చూడొచ్చు.

## 12. తప్పులు, వాటికి మందు

పేరు దొరకడం లేదు. స్పెల్లింగ్ మార్చండి. అప్పటికీ లేకపోతే దగ్గరి పెద్ద ఇల్లు, నది, పక్క పారిష్ ఎంట్రీ చూడండి.

రెండు పుస్తకాల్లో విస్తీర్ణం వేరుగా ఉంది. ముందు స్కాట్స్ ఎకరమా అని చూడండి. తర్వాత హద్దు మార్పు. ఆ తర్వాత, పాస్టరు కంటిచూపుతో చెప్పిన అంచనానా అని. ఆర్డ్‌నెన్స్ సర్వేకు ముందున్న విస్తీర్ణాల్లో అంచనాలే ఎక్కువ.

చర్చి కట్టిన తేదీలు కలవడం లేదు. పాతది కూల్చి అదే చోట కొత్తది కట్టడం మామూలే. "చర్చి" అన్న మాట రెండు పుస్తకాల్లో రెండు వేర్వేరు కట్టడాలు కావచ్చు.

ఊరి పేరుకు అర్థం ఇచ్చారు, నమ్మొచ్చా? పాస్టర్ల నోట వచ్చిన పేరు వ్యుత్పత్తులను సరదాగా చదవండి, వాడకండి. మన స్థలపురాణాల్లో పేర్లకు చెప్పే కథల్లాంటివి చాలా ఉన్నాయి.

కాపీ చేసిన పాఠంలో సంఖ్యలు తప్పాయి. కంప్యూటర్ తీసిన పాఠంలో 3, 8 తారుమారవుతాయి. ఏ సంఖ్యనైనా పేజీ బొమ్మలో చూశాకే రాసుకోండి. దీనికి మినహాయింపు లేదు.

## 13. వెళ్లగలిగితే

వెళ్లేముందు చూసుకోవాల్సినవి:

- ఆరంగుళాల మ్యాపు మీ ముక్క ప్రింటు తీశారా?
- నేమ్ బుక్‌లోని పేర్ల జాబితా ఫోన్‌లో ఉందా? లోయల్లో సిగ్నల్ నమ్మలేం.
- బెంట్‌పాత్ గ్రంథాలయం తెరిచి ఉండే వేళలు ముందే అడిగారా?
- గొర్రెల పొలాల్లోంచి నడుస్తారు. గేటు ఎలా ఉందో అలాగే వదలాలి. తెరిచి ఉంటే తెరిచి, మూసి ఉంటే మూసి.

ఎడిన్‌బరా నుంచి ఏ7 రోడ్డు మీద హాయిక్ దాటి లాంగ్‌హోమ్ చేరాలి. అక్కడి నుంచి బి709 ఎస్క్ నది వెంట బెంట్‌పాత్ మీదుగా ఎస్క్‌డేల్‌మ్యూర్ వైపు పోతుంది. బెంట్‌పాత్‌లో ముందు చర్చి ఆవరణకు వెళ్లండి. టెల్ఫర్డ్ యువకుడిగా ఉన్నప్పుడు తన చేతులతో చెక్కిన సమాధి రాయి అక్కడ ఉంది. అది తండ్రి జాన్‌ది. 33 ఏళ్లు బతికి, నింద ఎరగని కాపరిగా 1757 నవంబరులో గ్లెన్‌డిన్నింగ్‌లో చనిపోయాడని దాని మీద ఉంది. కొడుకు పుట్టింది అదే ఏడాది ఆగస్టులో. రాయి ఫొటో తీసుకుని, మీ స్ప్రెడ్‌షీట్‌లో "రాసినవారు" వరసలో టెల్ఫర్డ్ పేరు వేయండి.